ఒకే నది, రెండు వలసలు

(గుంటూరులో చదివిన ఆచార్య ఎన్.జి. రంగా స్మారకోపన్యాసం ముద్రిత పాఠం)



రంగా గారు 1900లో మనకు దగ్గర్లోని నిడుబ్రోలులో రైతు ఇంట పుట్టారు. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి తిరిగొచ్చాక డెల్టా పల్లెల ఆర్థిక జీవితాన్ని పరిశీలించి పుస్తకంగా తెచ్చారు. అది 1920ల నాటి మాట. ఆ తర్వాతి రైతు ఉద్యమం, నిడుబ్రోలు రైతాంగ విద్యాలయం, దశాబ్దాల పార్లమెంటు జీవితం మీకందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ మొదటి పని మీదే మక్కువ. ఊరి ఆర్థికం తెలియాలంటే ఊళ్లో కూర్చోవాలి, కళ్లెదుట ఉన్న మనిషిని లెక్కలోకి తీసుకోవాలి అన్నది ఆయన పద్ధతి. అందుకే ఈ రోజు మన కళ్లెదుటే ఉండి లెక్కలోకి రాని మనుషుల గురించి మాట్లాడదలచుకున్నాను. వాళ్ల సంగతి అర్థం కావాలంటే మనవాళ్ల సంగతి కూడా పక్కన పెట్టి చూడాలి.

ఈ గుంటూరు, ప్రకాశం మైదానాలకు రెండు వలసలతో సంబంధం ఉంది. ఒకటి ఇక్కడి నుంచి బయటికి పోయింది. నిజాంసాగర్ కిందికి, తుంగభద్ర ఎడమ కాలువ కిందికి, వరంగల్, ఖమ్మం పత్తి నేలల్లోకి వెళ్లిన రైతు కుటుంబాలది ఆ వలస. రెండోది బయటి నుంచి ఇక్కడికి ఏటా వచ్చి ఏటా వెళ్లిపోతుంది. పత్తి తీతకూ, మిరప కోతకూ కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి సుగ్గికి, అంటే కోతల కాలపు కూలికి, వచ్చే కుటుంబాలది అది. ఇద్దరిదీ తెలుగే. ఇద్దరికీ నల్లరేగడి తెలుసు, పత్తి తెలుసు, అప్పు తెలుసు. ఒకరు రెండు తరాల్లో భూస్వాములై, రైసు మిల్లులు పెట్టి, పిల్లల్ని అమెరికా పంపారు. మరొకరు తాతల నాటి నుంచి పొలం గట్టు మీద పట్టా కిందే పడుకుంటున్నారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఇవాళ్టి నా ప్రశ్న.

ఒకే భాష మాట్లాడే రెండు వలసలు ఒకే చోట రెండు రకాలుగా స్థిరపడటం లోకంలో కొత్త కాదు. అమెరికాలోని మాసచుసెట్స్ రాష్ట్రంలో పోర్చుగీసువాళ్లు, బ్రెజిల్‌వాళ్లు ఇద్దరూ ఉన్నారు. ఇద్దరి భాషా పోర్చుగీసే. పోర్చుగీసువాళ్లు మొదట తిమింగలాల వేట ఓడల మీద వచ్చారు, తర్వాత ఫాల్ రివర్, న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణాల్లోని పత్తి మిల్లుల్లో చేరారు. 1957లో అజోర్స్ దీవుల్లో కాపెలిన్యోస్ అగ్నిపర్వతం బద్దలై ఊళ్లను బూడిదతో కప్పేస్తే, మరుసటి ఏడాదే అమెరికా ప్రత్యేక చట్టం చేసి ఆ కుటుంబాలకు తలుపు తీసింది. వాళ్లు దిగేసరికి చుట్టాలున్నారు, చర్చి ఉంది, మిల్లులో మాట సాయం చేసేవాడున్నాడు, చేతిలో ప్రభుత్వ కాగితం ఉంది. బ్రెజిల్‌వాళ్లు 1980లలో, తమ దేశంలో ధరలు మండిపోతున్న రోజుల్లో, గవర్నడోర్ వలడారెస్ వంటి పట్టణాల నుంచి ఫ్రామింగ్‌హామ్ ప్రాంతానికి వచ్చారు. మొదటి తరం పోర్చుగీసు మిల్లు కూలీల కంటే వీళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ. అయినా చాలామందికి కాగితాలు లేవు. ఇళ్లు తుడిచే పనికీ, కట్టుబడి పనికీ కుదిరి, పోలీసు కారు కనిపిస్తే పక్క సందులోకి తిరిగే బతుకు బతికారు. చదువుంది, కష్టపడే తత్వం ఉంది, భాష కూడా అదే. నిలబడటానికి కాళ్ల కింద నేల లేదు.

ఇంత దూరపు ముచ్చట ఈ సభకెందుకని అనుకోకండి. మనం పండించే మిరప అమెరికా ఖండపు మొక్క. దాన్ని మన దేశానికి తెచ్చింది పోర్చుగీసు ఓడలే. వలస వచ్చిన పంట మీద బతుకుతున్న ఊళ్లు మనవి.

ముందు మనవాళ్ల వలస. 1832-33 నందన కరువులో గుంటూరు సీమ జనంలో ఎంతోమంది తుడిచిపెట్టుకుపోయారు. ఊళ్లకు ఊళ్లే పాడుబడ్డాయి. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక తూర్పున డెల్టా మాగాణి అయింది. రెండు మూడు తరాల్లో ఆ మాగాణి మిగులు చూపించింది. ఆ మిగులు కొందరిని చదువుకు పంపింది, కొందరిని సినిమాకు, వ్యాపారానికి పంపింది. అన్నదమ్ముల మధ్య పంచగా పంచగా చెక్కలైన భూమి మరికొందరిని నీళ్లున్న కొత్త చోటు వెతుక్కునేలా చేసింది. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాలకు కోస్తా రైతులు బండ్లు కట్టుకుని వెళ్లారు. 1953లో హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక రాయచూరు, కొప్పళ ప్రాంతాల్లోని గంగావతి, సింధనూరు, మాన్వి వైపు పోటెత్తారు. ఇక్కడ ఎకరం అమ్మితే అక్కడ అయిదారెకరాలు వచ్చేవని పెద్దలు చెబుతారు. వాళ్లు దిగిన చోట్లకు క్యాంపులని పేరు పడింది. ఇప్పటికీ అవి క్యాంపులే. వాటికి పోస్టాఫీసులు, కల్యాణ మండపాలు, రాములవారి గుళ్లు వచ్చాయి, పేరు మాత్రం మారలేదు.

మా బంధువర్గంలోనూ ఆ క్యాంపులకు వెళ్లినవాళ్లున్నారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేసే మాట నా నోట రాదు. తుమ్మ కంపలు కొట్టి, తేళ్ల మధ్య పాకలు వేసుకుని, చలిజ్వరాలకు పిల్లల్ని పోగొట్టుకుని ఆ భూముల్ని దున్నారు. వర్షం మీద జొన్న పండించిన స్థానిక రైతుకు కాలువ నీళ్లు కొత్త. మనవాళ్లకు వరి వెన్నతో పెట్టిన విద్య. దమ్ము ఎలా చేయాలో, మడికి ఎంత నీరు కట్టాలో, పెట్టుబడికి బ్యాంకును ఎలా పట్టుకోవాలో తెలిసి వెళ్లారు. భూమి చూపించి అప్పు తెచ్చారు, అప్పుతో ట్రాక్టరు కొన్నారు, ట్రాక్టరుతో మరో అయిదెకరాలు కౌలుకు పట్టారు. పెళ్లి సంబంధాలకు తెనాలి, రేపల్లె రావడం మానలేదు. ఓటు అక్కడ, చుట్టరికం ఇక్కడ. రెండూ పనికొచ్చాయి.

అయితే ఆ కథకు ఇంకో పార్శ్వం ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. తుంగభద్ర ఎడమ కాలువను చాలా మేరకు ఆరుతడి పంటల కోసం రూపొందించారు. కాలువ తల దగ్గర చేరినవాళ్లు వరి వేశారు. వరికి నీరెక్కువ కావాలి. తూములు పెద్దవయ్యాయి, రాత్రిపూట షట్టర్లు లేచాయి, కాలువ చివరి రాయచూరు భూములు ఎండిపోయాయి. నెదర్లాండ్స్ పరిశోధకుడు పీటర్ మొలింగా ఏళ్ల తరబడి ఆ కాలువ మీద పనిచేసి ఈ నీటి పంపకం వెనక ఉన్న రాజకీయాన్ని పూసగుచ్చినట్టు రాశారు. భూమి అమ్ముకున్న స్థానికుల్లో కొందరు అదే భూమిలో కూలికి వెళ్లారు. మనవాళ్ల ఎదుగుదలలో చెమట ఎంతుందో, కాలువ తల దగ్గర ఉండటం కూడా అంతే ఉంది.

వరంగల్, ఖమ్మం వైపు వెళ్లినవాళ్ల సంగతి వేరే ఉపన్యాసానికి సరిపడా ఉంది. అక్కడ గుంటూరుపల్లి పేరుతో ఊరే వెలిసింది. పత్తి, మిరప, పురుగుమందు, వడ్డీ వ్యాపారం, అన్నీ ఆ దారిన నడిచాయి. 1997-98లో పురుగు దెబ్బకు పత్తి పోయి వరంగల్‌లో రైతులు ప్రాణాలు తీసుకున్నప్పుడు ఇక్కడ గుంటూరులోనూ తీసుకున్నారు. అంతకు పదేళ్ల ముందే ప్రకాశం జిల్లా తెల్లదోమకు అదే గతి చూసింది. వలస వెళ్లినవాడికి ఎప్పుడూ లాభమే వచ్చిందనుకోవడం పొరపాటు. కానీ భూమి ఉన్నవాడికి పంట పోయినా భూమి మిగులుతుంది.

ఇక మన దగ్గరికి వచ్చేవాళ్లు.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ పల్నాడును, నరసరావుపేట, చిలకలూరిపేట, వినుకొండ, దర్శి వైపులను తడిపింది. పత్తి పెరిగింది, ఆ తర్వాత మిరప పెరిగింది. లాం ఫారం పరిశోధన కేంద్రం ఇచ్చిన వంగడాలతో, తర్వాత తేజ వంటి రకాలతో గుంటూరు మిర్చి యార్డుకు సీజనులో రోజుకు లక్ష టిక్కీలు (బస్తాలు) రావడం మామూలైంది. మిరప చేతులు అడిగే పంట. ఒక్కసారి కోసి ఊరుకునేది కాదు. పండిన కాయను పండినట్టు మూడు నాలుగు విడతలుగా ఏరాలి, కల్లంలో పరచాలి, తాలుకాయ వేరు చేయాలి. జనవరి నుంచి మార్చి దాకా ఊళ్లో ఉన్న చేతులు చాలవు. ఆ చేతులు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని, గోనెగండ్ల నుంచి వస్తాయి.

వీళ్లంతా భూమి లేనివాళ్లని మన ఊళ్లలో ఒక అపోహ ఉంది. చాలామందికి రెండెకరాలో మూడెకరాలో ఉంది. బోయ, కురుబ, మాదిగ కుటుంబాలు ఎక్కువ. వాళ్లూ పత్తి వేస్తారు, ఉల్లి, కంది, వేరుశనగ వేస్తారు. వానలు కుదిరితే పంట, లేకపోతే పెట్టుబడి బాకీ. దసరా, దీపావళి నాటికి కూలీలను కుదిర్చే మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు విత్తనాల షాపు బాకీకి పోతుంది. అప్పుడు ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను ఊళ్లో వదిలి, బియ్యం, గిన్నెలు, పిల్లలతో బొలేరో ఎక్కుతారు. ఉగాదికి తిరిగి వెళ్తారు. వాళ్లు వెళ్లాక ఆ మండలాల్లో కొన్ని వీధులు ఎలా ఉంటాయో చూసినవాళ్లకు మరపు రాదు. గుడి మెట్ల మీద నలుగురు ముసలివాళ్లు, వీధంతా తాళాలు.

సత్తెనపల్లి దాటాక ఫిబ్రవరి నెలలో ఏ చేలోకి దిగినా ఒకటే దృశ్యం. ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుని, ముఖానికి తువాలు చుట్టుకుని వరుసగా వంగి ఉంటారు. కోసిన కాయ ఒడిలోకి, ఒడి నుంచి గోతంలోకి. సాయంత్రం కాటా వేస్తే మేస్త్రీ నోటు పుస్తకంలో కిలోలు రాసుకుంటాడు. కూలి కిలోల మీదే. చేతులకు కారం ఎంత ఎక్కుతుందంటే, కడిగినా రాత్రంతా మండుతాయి. ఆ చేతులతో చంటిబిడ్డను ముట్టుకోలేదు తల్లి. బిడ్డ కళ్లకు తగులుతుందని భయం. అందుకే పదేళ్ల కూతురిని వెంట తెస్తుంది. ఆ పిల్ల చేను గట్టున వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి తమ్ముణ్ణి ఊపుతుంది, నీళ్లు పోస్తుంది, అన్నం పెడుతుంది, తల్లి పాలివ్వాల్సి వచ్చినప్పుడు ముందు తల్లి చేతుల మీద సబ్బునీళ్లు పోస్తుంది. వాళ్ల బడి హాజరు పట్టీలో సుగ్గి నెలలన్నిటా ఆ అమ్మాయి పేరుకు ఎదురుగా గైర్హాజరని ఉంటుంది. బాల కార్మికురాలని ఎవరూ అనరు, ఆమె పని చేయడం లేదు కదా. అక్షరాస్యతలో రాష్ట్రంలోనే అట్టడుగున ఉండే మండలాల్లో కోసిగి, కౌతాళం ఎందుకు ఉంటున్నాయని అధికారులు సమీక్షల్లో అడుగుతుంటారు. జవాబు మన చేలలో ఉయ్యాల ఊపుతోంది.

రెండు వలసలనూ పక్కపక్కన పెట్టండి. క్యాంపుకు వెళ్లిన రైతు భూమి పత్రం చేతబట్టుకుని వెళ్లాడు. బ్యాంకు, సొసైటీ, కరెంటు ఆఫీసు, తహసీల్దారు అన్నీ ఆ కాగితాన్నే అడిగాయి, అది చూసే కుర్చీ వేశాయి. సుగ్గికి వచ్చిన కుటుంబం మేస్త్రీ బాకీతో వచ్చింది. వాళ్ల పేరు మేస్త్రీ పుస్తకంలో తప్ప ఈ జిల్లాలో ఇంకెక్కడా లేదు. పాము కరిస్తే ఏ ఆసుపత్రికి పోవాలో, కాటాలో తేడా వస్తే ఎవరిని అడగాలో తెలియదు. క్యాంపు రైతు ఓటు అక్కడి ఎమ్మెల్యేకు అవసరమైంది. సుగ్గి కూలీ ఓటు ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు, అక్కడ పోలింగు నాడు ఊళ్లో ఉంటాడో లేడో తెలియదు.

చట్టం కూడా వీళ్లను దాటిపోయింది. వలస కూలీల కోసం 1979లో పార్లమెంటు చేసిన చట్టం రాష్ట్రాల సరిహద్దు దాటినవాళ్లకే వర్తించింది. కోసిగి నుంచి పల్నాడుకు వచ్చినవాడు సరిహద్దు దాటలేదు. మూడు వందల కిలోమీటర్లు వచ్చినా చట్టం దృష్టిలో వాడు ఇంటి దగ్గరే ఉన్నాడు. గంగావతికి వెళ్లిన మన రైతు రాష్ట్రం దాటి పరాయివాడు కావలసింది, భూమి అతణ్ణి స్థానికుణ్ణి చేసింది. సొంత రాష్ట్రంలోనే ఉన్న కర్నూలు కూలీ ఇక్కడ పరాయివాడయ్యాడు. రేషన్ కార్డు ఎక్కడైనా చెల్లేలా చేసినందువల్ల బియ్యం దొరకడం మునుపటి కంటే నయమైంది. ఆ ఒక్క మార్పు ఎంత మేలు చేసిందో వాళ్లనే అడగండి. పేరు నమోదైతే ఏమవుతుందో దానికదే రుజువు.

పేరు నమోదు కాకపోతే ఏమవుతుందో 2020 ఏప్రిల్‌లో చూశాం. తెలంగాణలో ములుగు జిల్లా మిరప చేలలో పనికి వచ్చిన పన్నెండేళ్ల బాలిక, లాక్‌డౌన్‌లో బండ్లు లేక, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌కు అడవి దారిన నడిచి పోతూ ఊరికి కాస్త దూరంలో ప్రాణం విడిచింది. ఆ పిల్ల కోసిన కాయ ఎవరి ఇంట్లో ఏ పచ్చడైందో మనకు తెలియదు. మనలో ఎవరైనా తిని ఉండొచ్చు.

ఇప్పుడు రైతు పక్షాన ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఈ కూలీకి పనిచ్చేవాడు చాలాచోట్ల కౌలు రైతు. ఎకరా కౌలు ముందే కట్టి, మందులకు అప్పు చేసి, 2021-22లో నల్ల తామర పురుగుకు తోటలు పీకేసినవాడు. 2025 ఆరంభంలో ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యం పథకం ప్రకటించినప్పుడు, కోత ఖర్చు కూడా రాదని చివరి కాయను చెట్టు మీదే వదిలేసినవాడు. మిరప ఖర్చులో కోత కూలి పెద్ద పద్దు. వాడి పొట్ట కొట్టి కూలీకి పెట్టమని నేను అనడం లేదు. ఈ పంటలో మిగులు ఎవరి దగ్గర ఆగుతోందో, ఆ చోటి నుంచే కూలీ వసతికి డబ్బు రావాలి. యార్డు, కోల్డ్ స్టోరేజీ, ఎగుమతి, ఈ మూడు మెట్ల దగ్గరే మిగులు కనబడుతుంది.

కష్టపడితే ఎవడైనా పైకి వస్తాడని మన ఊళ్లలో గట్టి నమ్మకం. క్యాంపుల కథను దానికి సాక్ష్యంగా చెబుతుంటాం. ఒక్కసారి పటం తీసి చూడండి. సింధనూరు, మాన్వి తుంగభద్రకు ఎడమ గట్టున ఉన్నాయి. కౌతాళం, కోసిగి, మంత్రాలయం కుడి గట్టున ఉన్నాయి. మధ్యలో నది. మన ఊళ్ల నుంచి వెళ్లిన రైతు ఆ నది నీళ్లతో ఎడమ గట్టున స్థిరపడి ధాన్యం పండిస్తున్నాడు. అదే నది కుడి గట్టు రైతు, నీళ్లు లేక, మనవాళ్లు వదిలి వెళ్లిన జిల్లాకు కూలికి వస్తున్నాడు. చెమట ఇద్దరికీ ఒకటే. మట్టి కూడా దాదాపు ఒకటే. నీళ్లు మాత్రం ఒకరికి అందాయి.

కుడి గట్టుకూ కాలువ ఉంది. తుంగభద్ర దిగువ కాలువలో ఆంధ్ర వాటాగా 24 టీఎంసీలు కాగితం మీద ఉన్నాయి. కాలువ బళ్లారి సీమ మీదుగా రావాలి, దారిలో తగ్గుతూ వస్తుంది. ఆనకట్టలో పూడిక పేరుకుని మొదటి 133 టీఎంసీల నిల్వ 105 చిల్లరకు దిగింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయిన రాత్రి క్యాంపులవాళ్లూ, ఆదోని రైతులూ ఒకే భయంతో మేలుకున్నారు. అయితే ఆ ఏడు నీళ్లు రాకపోతే క్యాంపు రైతు ఒక కారు పంట నష్టపోతాడు. కోసిగి రైతు నెల ముందుగా బొలేరో ఎక్కుతాడు. ఆ తేడాను లెక్క కట్టే ఇంజనీరు మనకు లేడు.

మన ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాలకూ ఈ కథ వర్తిస్తుంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న కనిగిరి, ఎర్రగొండపాలెం జనం హైదరాబాదులో, బెంగళూరులో కట్టుబడి పనుల దగ్గర పాకలు వేసుకుని ఉన్నారు. ఈ జిల్లాలు ఒక చేత్తో కూలీలను పంపుతాయి, మరో చేత్తో తెచ్చుకుంటాయి.

చేయవలసిన వాటిలో పెద్దది నీళ్ల పని. దిగువ కాలువ వాటా పూర్తిగా కర్నూలు పొలాలకు చేరేదాకా సుగ్గి ఆగదు. అది రెండు రాష్ట్రాలు కూర్చుని తేల్చుకోవలసిన వ్యవహారం, ఏళ్లు పడుతుంది. ఈలోగా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పిల్లల కోసం ఆ మండలాల్లో సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు. అవి బొలేరోలు బయల్దేరక ముందే తెరవాలి, వెళ్లిపోయాక తెరిస్తే ప్రయోజనం లేదు. చంటిపిల్లల కోసం మన ఊళ్లలో అంగన్‌వాడీ ఉంది. పరాయి ఊరి పిల్ల అని చూడకుండా కోతల మూడు నెలలూ ఆ ఉయ్యాలను అక్కడికి మార్చితే పదేళ్ల అక్క బడిలోనే ఉంటుంది. యార్డుకు వచ్చే మార్కెట్ సెస్సులో ఒక భాగాన్ని కోతల గ్రామాల్లో రేకుల షెడ్లకు, మరుగుదొడ్లకు, మంచినీళ్ల కుళాయిలకు కేటాయించాలి. టిక్కీ మీద వచ్చే డబ్బు కాయ కోసిన మనిషికి నీడగా తిరిగి రావడం న్యాయం. కాటా దగ్గర కిలోల లెక్క మేస్త్రీ పుస్తకంలోనే కాకుండా కూలీ చేతిలో చీటీగా కూడా ఉండాలి. చదవడం రాకపోతే చదివి చెప్పే ఇంటర్మీడియట్ పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఈ సభలోనే కనిపిస్తున్నారు.

వీటన్నిటికీ ముందు పేరు రాసుకోవాలి. ఊళ్లలో 2019లో పెట్టిన గ్రామ సచివాలయాలు ఉన్నాయి, సిబ్బంది ఉన్నారు. ఎరువుల బస్తా ఎవరు తీసుకున్నారో రాసుకుంటున్నాం, పట్టాదారు పుస్తకంలో ఎకరా సెంట్లు రాసుకుంటున్నాం. నవంబరులో ఊళ్లోకి దిగిన ప్రతి సుగ్గి కుటుంబం పేరు, సొంత ఊరు, పిల్లల తరగతి, మేస్త్రీ ఎవరు, అడ్వాన్సు ఎంత, పని ఇచ్చిన రైతు ఎవరు అని ఒక రిజిస్టరు తెరవడానికి కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా కలెక్టరు ఉత్తర్వు చాలు. ఈ సంగతి రాసిన వినతిపత్రం ఒకటి తయారుగా ఉంది. సభ ముగిశాక తలుపు దగ్గర బల్ల మీద పెడతాం. చదివి, సమ్మతమైతే సంతకం చేయండి. రేపు పొద్దున దాన్ని కలెక్టరేటుకు తీసుకెళ్తున్నాం.